గడి పిలుపు: తెలంగాణపు నవలలో కొలువు భయము

కొలువు అను మాట మన భాషలో రెండర్థములను మోయుచున్నది. రాజు పరివారము నడుమ గూర్చుండు సభ కొలువు. ఆ సభ యంచున నిలిచి బ్రతుకు గడపుకొనుటయు కొలువే. నేటికిని తెలంగాణములో ఉద్యోగమును కొలువనియే యందురు. పనిచేయు చోటికిని యజమానుని ముంగిలికిని ఒకే పేరు పెట్టుకొన్న ప్రజలకు ఆ రెంటిని వేరుచేసి చూచుట చిరకాలమునకు గాని యలవడలేదు. నేనిచ్చట వ్రాయబూనినది ఆ ముంగిలిని గూర్చియు, దానిని మన నవల యెంతవరకు చూడగలిగినదను విషయమును గూర్చియు.

ఇటీవలి కాలమున పాశ్చాత్య దేశములలో ఒక తెగ నవలలు విరివిగా వెలువడుచున్నవి. వానిలో కథ యంతయు ఒక కార్యాలయమున నడచును. హత్య జరుగవచ్చును, జరుగకపోవచ్చును. పై యధికారి నన్నేల పిలిచెను? ప్రక్కబల్లవాడు నన్ను గూర్చి యేమి చెప్పెను? నేను చూడరానిది చూచితినని వారికి దెలిసినదా? ఇట్టి ప్రశ్నలే చదువరిని పుటనుండి పుటకు లాగికొని పోవును. ఈ భయము అద్దాల మేడలతోబాటు నిన్న మొన్న పుట్టినదని పలువురు తలంతురు. అది సరికాదు. యజమానుని మనస్సులో నున్నదేమో తెలియక పనివాడు పడు వేదన మేడలకంటె మిక్కిలి పాతది. నల్లగొండ, పాలమూరు సీమలలో దానికొక కట్టడమే యుండెను. దాని పేరు గడి.

గడిలో ప్రవేశించుటకు ముందు ఆంగ్ల సాహిత్యమునుండి ఒక గ్రంథమును చదువరులకు జ్ఞాపకము చేయవలసియున్నది. 1794లో విలియం గాడ్విన్ అను రాజకీయ తత్త్వవేత్త "కేలబ్ విలియమ్స్" అను నవలను ప్రకటించెను. కేలబ్ బీదకుటుంబమున బుట్టినవాడు. ఫాక్‌లండ్ అను భూస్వామికడ లేఖకుడుగా కుదురును. యజమానుడు విద్యావంతుడు, దయాళువు, పరువు గలవాడు. అయినను ఆతని హృదయమున నేదియో దాగియున్నదని లేఖకునకు దోచును. తోచిన పిమ్మట ఊరకుండ లేడు. తుదకు ఆ యజమానుడే తాను నరహంతననియు, తన నేరమునకు నిరపరాధులు ఉరికంబమెక్కిరనియు ఆతనికి జెప్పివేయును. ఆ రహస్యము విన్న క్షణమునుండి కేలబ్ సేవకుడు గాడు, బందీ. పారిపోయినచో దొంగతనము మోపబడును. చెర దప్పించుకొని యెచ్చట పనికి గుదిరినను వెంటనంటి వచ్చిన మనుష్యుడొకడు అపవాదును చాటి ఆ కూటిని చెడగొట్టును.

గాడ్విన్ ఈ కథను వినోదమునకై వ్రాయలేదు. "ఉన్నవి యున్నట్లు" అని యర్థమిచ్చు పేరు దానికి మొదట బెట్టెను. ఐశ్వర్యమును న్యాయస్థానమును ఒకే చేతిలో నున్నప్పుడు పేదవాని మనస్సున కేమి జరుగునో చూపుట యాతని యుద్దేశము. ఆ సంవత్సరము లండనులో సంస్కరణవాదులను రాజద్రోహమని నిర్బంధించుచుండిరి. పుస్తక విక్రేతలు భయపడినందున గ్రంథపీఠికను మొదటి ముద్రణలో విడిచిపెట్టవలసివచ్చెను. వెంటాడుటను గూర్చిన మూడవ సంపుటమును ముందుగ నాలోచించి, అచ్చటినుండి వెనుకకు నడచి కథ నల్లితినని ఆతడే తరువాత చెప్పియున్నాడు. రైలు స్టేషనులలో మనము కొను అపరాధ పరిశోధక నవలల నేర్పు ఇట్లొక సంఘసంస్కర్త చేతిలో రూపుదిద్దుకొన్నదని చాలమందికి దెలియదు. సస్పెన్సు నవలలన్నియు కాలహరణమునకేయని పెదవి విరుచు పెద్దలు ఈ సంగతి నొకసారి మననము చేసికొందురుగాక.

ఇక మన సీమకు వత్తము. నిజాము రాజ్యమున దేశముఖులు మొదట పన్ను వసూలుచేయు నుద్యోగులు. సాలారుజంగు సంస్కరణలలో ఆ పని సర్కారు తీసికొనగా, పని పోయినను ప్రాభవము వారిని వీడలేదు. లెక్కలు తమవారి చేతనే యుండుటచే భూములును వారి పేర చేరెను. పుచ్చలపల్లి సుందరయ్యగారు తెలంగాణ పోరాటమును గూర్చి వ్రాసిన గ్రంథమున విసునూరు దేశముఖునకు 40,000 ఎకరములు, జన్నారెడ్డి ప్రతాపరెడ్డికి లక్షన్నర ఎకరములు గలవని లెక్క యిచ్చియున్నారు. ఇంత భూమిని కూలియిచ్చి సాగుచేయించినచో అది వ్యవసాయము. కాని గడిలో కూలి యను మాట యరుదు, అచ్చటిది వెట్టి.

వెట్టిని గూర్చి మనవారు వ్రాసినప్పుడెల్ల చేసిన పనుల పట్టిక నిత్తురు. ఆ పట్టిక నిజమే. మాల మాదిగ యిండ్లనుండి దినమున కొక మనిషి గడి వాకిట నుండవలెను. కట్టెలు కొట్టవలెను, దూరపు టూళ్లకు చీటీలు మోసికొని పోవలెను, దొర బండికి ముందును వెనుకను పరుగెత్తవలెను. చాకలి బట్టలుతుకును, మంగలి క్షౌరము చేసి రాత్రి కాళ్లొత్తును, కుమ్మరి కుండలిచ్చును, గౌడు కల్లు పోయును, గొల్ల గొఱ్ఱె నిచ్చును, బెస్తవాడు మేనా మోయును. కోమటి సయితము గిర్దావరో తహసీల్దారో ఊరికి వచ్చిననాడు దినుసులు పంపవలసినదే. చెరువునీరు దొరపొలము తడిసిన తరువాతనే రైతు మడిలోనికి దిగవలెను. ఇవి యన్నియు శరీరమున కైన కష్టములు. వీనికంటె లోతుగ దిగిన కష్టమొకటి గలదు. దానిని పట్టికలో నెక్కించుట సులభము కాదు.

వెట్టికి వేళ లేదు, కొలత లేదు, ముగింపు లేదు. ఇంత పని చేసినచో నేటికి విముక్తుడవను మాట యెవ్వరును చెప్పరు. కూలివానికి ప్రొద్దు గ్రుంకుట యొక హద్దు; వెట్టివానికి ప్రొద్దు గ్రుంకిన తరువాతనే పిలుపు రావచ్చును. ఆ పిలుపు తెచ్చువాడు సేతుసింధి. దొర రమ్మన్నాడనును, ఏల రమ్మన్నాడో వానికిని దెలియదు. పిలువబడినవాడు గడి దర్వాజ చేరులోపల తాను నెలరోజులలో చేసిన ప్రతి పనిని తలపునకు దెచ్చికొనును. ఎదురుపడినప్పుడు చెప్పులు విడువలేదా? ఎడ్లు దొర జొన్నచేనిలో బడినవా? కూతురు పెండ్లికి ముందుగా మొక్కలేదా? గడిలోనికి బోయిన పిమ్మట గంటలు నిలుచుండ వలెను. ఒక్కొక్కప్పుడు ఏమియు జరుగదు, పోయిరమ్మందురు. ఈ పోయిరమ్మనుట దెబ్బలకంటె తక్కువదని యనుకొనరాదు. శిక్ష తెలిసినవాడు దానికి సిద్ధపడును. శిక్ష యేదో, యెప్పుడో తెలియనివాడు ఎల్లకాలమును సిద్ధముగ నుండవలెను. "నీ బాంచెను, కాల్మొక్కుతా" అను మాట ఆ సిద్ధపాటునుండి పుట్టినదే గాని వినయమునుండి పుట్టినది గాదు.

ఆడవారి సంగతి యింకను దారుణము. దొరల యింట బెండ్లియైనప్పుడు వధువుతో గూడ ఆడబాపలను పంపు నాచారముండెను. ఆ బాలిక చాకిరి చేయు నిల్లే యామె నివాసము. పని ముగించి పోవుటకు వేరొక యిల్లు లేదు. దొరసాని కోపము పగలు, దొర చూపు రాత్రి. తలుపు గడియ తన చేతిలో లేని గదిలో నిద్రించు బాలికకు చీకటి యెట్లుండునో మన యిండ్లలో పనిపిల్లలను బెట్టుకొన్న గృహిణులు ఊహింపగలరు. ఊహింపవలసియు నున్నది.

ఋణము మూలమున గట్టుబడిన సేవకుని భగేలా యనుచుండిరి. పెండ్లికో చావుకో తీసికొన్న పది యిరువది రూపాయలకు మనిషి జీతగాడుగా చేరును. వడ్డీ నాగులుగా పెరుగును. తండ్రి చేసిన యప్పునకు కొడుకు పశువులను కాయును. 1936లో సర్కారువారు భగేలా ఒప్పందములకు హద్దు పెట్టుచు నొక నిబంధనము చేసిరి. చదువురానివాని కా నిబంధనమును చదివి వినిపింపవలసిన పట్వారి గడిలోనే కూర్చుండెను.

ఈ మౌనమును మొదట కదల్చినది సభలు, పత్రికలు. 1921లో హైదరాబాదున వివేకవర్ధినిలో జరిగిన సభలో తెనుగున మాటలాడినందుకు ఆలంపల్లి వెంకటరామారావుగారి కైన పరాభవమునుండి ఆంధ్రజనసంఘము పుట్టిన కథ యందరెరిగినదే. 1922లో నల్లగొండనుండి షబ్నవీసు వెంకట రామ నరసింహారావుగారు నీలగిరి పత్రికను వెలువరించిరి. 1930లో జోగిపేటలో మొదలైన ఆంధ్రమహాసభ మరుసటి యేడు దేవరకొండలోను, 1936లో షాద్‌నగరములోను, 1941లో చిలుకూరులోను జరిగెను. అనగా నాలుగింట మూడుసార్లని కాకున్నను, మాటిమాటికి ఈ రెండు జిల్లాల గడపయే త్రొక్కినది. 1944లో భువనగిరి సభనాటికి సభ్యత్వపు రుసుము నాలుగణాలకు దిగెను. పల్లెలవా రా చీటిని పట్టుకొని సంఘములో చేరిరి. అంతవరకు గడినుండి వచ్చు చీటినే యెరిగినవానికి తన పేర నొక చీటి యుండుట క్రొత్త. నాడు నల్లగొండ జిల్లాలోనిదైన జనగామ తాలూకాలో కామారెడ్డిగూడెపు బందగీ విసునూరు దొరతో న్యాయస్థానమున బోరి గెలిచి, 1940లో దారిలో చంపబడెను. న్యాయము చేతికి వచ్చిన తరువాతను భయము విడువలేదనుటకు ఆతని చావు సాక్ష్యము. 1947 నాటి "మా భూమి" నాటకమున కాధారమును అదియే.

గద్యసాహిత్యము దీని నెట్లు చూచినది? పాలమూరు జిల్లావారైన సురవరం ప్రతాపరెడ్డిగారు 1926లో గోలకొండ పత్రికను స్థాపించిరి. వారి "మొగలాయి కథలు" నిజాము పరిపాలనలోని యధికారుల పోకడలను నవ్వుచు చెప్పినవి. భయమును హాస్యముగా మార్చుట చిన్నపని కాదు. అమీనును చూచి వణకినవాడు అమీను కథ విని నవ్వినప్పుడు ఆతనిలో నేదియో సడలును. కాని హాస్యమునకు హద్దు గలదు. అది కచేరిలో కూర్చుండినవానిని చూపును. గుమ్మము వెలుపల నిలుచుండినవాని లోపలికి జొరదు. కచేరి వకీలుకు పరిచితము, గడి వెనుకవాకిలి వకీలుకు పరిచితము కాదు.

ఆ వెనుకవాకిలి నెరిగిన రచయిత యొకడు నల్లగొండ జిల్లాలో బుట్టెను. వట్టికోట ఆళ్వారుస్వామి 1915లో నకిరేకల్లు ప్రాంతపు చెరువుమాదారములో జన్మించెను. చిన్ననాడే తండ్రి పోగా ఒక యుపాధ్యాయుని యింట వంటచేసి పెట్టుచు అక్షరములు నేర్చెను. బెజవాడలో హోటలు సర్వరుగా పనిచేసెను. గోలకొండ పత్రికలో ప్రూఫులు దిద్దెను. 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, పుస్తకములను తానే మోసికొనిపోయి యమ్మెను. 1942 ఉద్యమమున చెరకు బోయెను. తరువాతి పోరాట కాలమున మరల చెర. ఇందూరు జైలులో దాశరథి గోడపై బొగ్గుతో పద్యములు వ్రాయుచుండగా ఆళ్వారుస్వామి తోడివాడు. 1949లో వెలువడిన "అగ్నిధార" ఆతనికే యంకితము. పొయ్యిముందు గూర్చుండి, మూడవ గదిలో యజమానుని దగ్గు విని కాఫీ కెప్పుడు పిలుచునో లెక్కవేసినవాడు నవలాకారుడగుట మన భాషలో నెంత యరుదో చదువరులే యోచింపవచ్చును. మనకు నవలలు వ్రాసిన పెద్దలలో పెక్కురు పిలిచిన వారే గాని పిలువబడినవారు గారు.

ఆళ్వారుస్వామి "ప్రజల మనిషి" 1955లో వెలువడెను. తెలంగాణ ప్రజల రాజకీయ జీవితమును చిత్రించిన తొలినవలగా విమర్శకులు దానిని లెక్కింతురు. కథాస్థలము దిమ్మెగూడెము, దొర రామభూపాలరావు, ఆతని కెదురు నిలిచిన యువకుడు కంఠీరవము. భూములాక్రమించుట, వెట్టి, మతాంతరీకరణములు, వానికి ప్రతిగా ఆర్యసమాజపు పూనిక, ఆంధ్రమహాసభ మేలుకొల్పు, ఇవి యన్నియు నందు గలవు. గ్రంథాలయోద్యమము ఊరి మనస్సు నెట్లు కదిల్చెనో తెలిసికొనగోరువారికి ఇంతకంటె మంచి పుస్తకము లేదు. అయినను ఒక్క సంగతి చెప్పక తప్పదు. ఆలోచించు భారము నవలలో కంఠీరవముపై బడినది. ఆతడు చదువుకొన్న కుటుంబమువాడు. దొరను చూచి యసహ్యపడును, కోపగించును, కాని వెట్టివాడు భయపడినట్లు భయపడవలసిన పని లేదు. వెట్టివారు కష్టపడుదురు, మాటలాడుదురు, ఎదురు దిరుగుదురు. వారి రాత్రులు మాత్రము మనకు గనబడవు. 1955లో వ్రాయువానికి ఉద్యమము కన్నులయెదుట నుండెను. భయము వీడిన క్షణమును పట్టుకొనవలెనను తొందరలో భయము పట్టిన యేండ్లను త్వరగా దాటివేసెనని నా యభిప్రాయము.

ఆ లోటు కొంత తీరినది "జైలు లోపల" అను కథలలో. 1952లో వచ్చిన ఆ పుస్తకమున రచయిత తనతో బాటు చెరలోనున్న సాధారణ నేరస్థులను జూచి, వీడిచ్చటి కేల వచ్చెనని యడుగును. అడిగి యూరకుండును, చెప్పువానికి కాలమిచ్చును. వంటయింటివాని యోర్పు ఆ కథలలో నున్నది. నవలకు తరువాయిగా 1940 మొదలు 1945 వరకు గల కాలమును దీసికొని "గంగు"ను మొదలుపెట్టెను. పేరు స్త్రీది. పూర్తి చేయకయే 1961లో గతించెను. అసంపూర్ణముగనే 1965లో అది యచ్చయ్యెను. సేవకుని యంతరంగమునకు దగ్గరగుచున్న కలము మధ్యలో నిలిచిపోయిన వైనమును తలచినప్పుడు కలుగు చింత ఇంతింత కాదు.

ఇతరులు లేకపోలేదు. ఉర్దూలో కృష్ణచందర్ వ్రాసిన తెలంగాణ నవలలో వెట్టివాని కొడుకు రాఘవరావు ఉరితీతకు ముందటి రాత్రి చెరలో గూర్చుండి తన జీవితమును తలపోయును. 1980లో విడుదలయైన "మా భూమి" చలనచిత్రమునకు అదియే మూలము. ఒక్క రాత్రిలో కథ నిముడ్చుట నిజమైన ఉత్కంఠ కలిగించు పద్ధతి. అయితే రాఘవరావు భయమును జయించినవాడు. ఆ రాత్రి ఆతనికి తెలియనిది యేదియు మిగులలేదు. దాశరథి రంగాచార్యులుగారి "చిల్లర దేవుళ్ళు" 1969లో వచ్చెను. అందు ఆంధ్ర ప్రాంతమునుండి బ్రతుకుదెరువునకై వచ్చిన సంగీతజ్ఞుడు గడిలో నాశ్రయము పొందును. ఆతని కండ్లతో మనము గడిని చూతుము. వనజ యను ఆడబాపను చూతుము. క్రొత్తవాడు కావున ప్రతి మూలయు నాతని కాశ్చర్యము. కాని వనజకు ఆ గడిలో నాశ్చర్యమేమున్నది? ఆమె కండ్లతో వ్రాసినచో ఆ పుస్తకము వేరొకటి యయ్యెడిది. దొర దగ్గు, దొరసాని గాజుల చప్పుడు, తలుపు కిఱ్ఱుమనుట, వీనిలో నేది యపాయము, ఏది కాదు అని పోల్చుకొను విద్య ఆమె కొక్కతెకే యుండును. గాడ్విన్ తన కథను కేలబ్ నోటనే చెప్పించెను. మనవారు వనజ నోట జెప్పింపలేదు.

గడులు కూలినవి గదా, ఇప్పు డీ ప్రస్తావన యెందుకని యెవరైన నడుగవచ్చును. 1949లో జాగీర్లు రద్దయినవి. "ప్రజల మనిషి" వెలువడిన 1955లోనే డిసెంబరు 10వ తేదీన నల్లగొండ జిల్లా నందికొండకడ నాగార్జునసాగరమునకు పునాదిరాయి పడినది. రాతికట్టడముగా లేచిన ఆ యానకట్టకు వేలకొలది కూలీలు కావలసివచ్చిరి. వారిలో పాలమూరువారు మెండు. ఆనకట్ట యెచ్చట గట్టినను, కాలువ యెచ్చట త్రవ్వినను పాలమూరు లేబరు అను పేరు దేశమంతట వ్యాపించినది. తమ పొలములు వానకై యెదురుచూచుచు బీడుపడుచుండగా వీరు పరుల పొలములకు నీరు గొనిపోవు కాలువలు త్రవ్విరి.

వీరికి దొర లేడు. మేస్త్రీ యున్నాడు. పండుగనాడు ఊరికి వచ్చి అడ్వాన్సు నిచ్చును. మగడు, ఆలి కలిసి దూరదేశమునకు బోవుదురు. లెక్క మేస్త్రీ పుస్తకములో నుండును. బియ్యము ధర, మందుల ధర, పని తప్పిన దినములు, కంట్రాక్టరు పట్టుకొన్నది, అన్నియు నందే. 1976లో వెట్టిచాకిరి నిర్మూలన శాసనము వచ్చి అప్పుకింద మనిషిని కట్టివేయుట నేరమనెను. శాసనము పుస్తకమును మూయింపలేదు. ఎంత మిగిలినదని యడిగినచో లెక్క చూడవలెననును. ఎప్పుడు చూతువన్నచో పని ముగియనిమ్మనును. అడిగినవాడు మరుదినము కష్టమైన చోటికి పంపబడినచో అడిగినందుకే పంపిరా, లేక పనియే యట్లున్నదా యని రాత్రి గుడిసెలో తర్కించుకొనును. భార్య నిద్రించుచున్నట్లుండును, నిద్రింపదు. బిడ్డలను ముసలివారికడ విడిచివచ్చిరి. పండుగనాటికి పోవుదుమో లేదో మేస్త్రీ ముఖము జూచి కనిపెట్టవలెను. ఉదయము చీకటితో విజిలు పడును. మేస్త్రీ గుడిసెల వరుస చివరినుండి ఒక్కొక్క పేరే పిలుచుచు వచ్చును.